బండి నడిపేవాళ్ళ నడుముకు ఆసరా

నంద్యాలలో బండి సామాన్లు అమ్మే దుకాణానికి వెళ్ళి బ్యాక్‌రెస్ట్ కావాలని అడగండి. సీటు చివర బిగించే కడ్డీ, దాని మీద చిన్న దిండు ఉన్న సామాను తీసి చూపిస్తారు. ఆళ్లగడ్డలో అడిగినా అదే. అది వెనక కూర్చునేవాళ్ళ కోసం చేసింది. నడిపేవాళ్ళ వీపుకు ఆనేది కావాలంటే, అలాంటిదొకటి ఉంటుందా అని ఎదురడుగుతారు. తప్పు దుకాణదారులది కాదు, కంపెనీలే ఆ దిక్కుగా ఆలోచించలేదు. బజాజ్ అవెంజర్ క్రూజ్‌కు వీపు దిండు ఉంది. 2020 నవంబరులో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350లో సూపర్‌నోవా రకానికీ ఉంది. 2023లో మన రోడ్ల మీదికి వచ్చిన సూపర్ మీటియర్ 650లో దూరప్రయాణాల రకానికీ ఉంది. ఈ మూడింటిలోనూ అది వెనకసీటు వాళ్ళదే. గంటల తరబడి హ్యాండిల్ పట్టుకుని, కళ్ళు రోడ్డు మీద పెట్టి, కదలకుండా కూర్చునే మనిషి మాత్రం ముందు సీట్లో ఉంటాడు. ఆ మనిషి నడుముకు ఏ ఆసరా మంచిది, అది ఎవరికి పనికొస్తుంది, ఎవరికి అడ్డమవుతుంది అన్నది ఒకసారి మొత్తంగా చూడవలసిన విషయం.

ఈ ప్రశ్నను మన ప్రాంతంలో ఇప్పుడు గట్టిగా అడగవలసి రావడానికి కారణం రోడ్డు. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు మీదుగా కడపకు పోయే జాతీయ రహదారి ఒకప్పుడు 18వ నంబరు, ఇప్పుడు 40. అది రెండు వరుసలుగా ఉన్న రోజుల్లో ఎదురొచ్చే లారీని తప్పించుకోవడం, గేరు మార్చడం, బ్రేకు తొక్కడం, మట్టి అంచులోకి దిగి మళ్ళీ పైకెక్కడం, వీటితోనే ప్రయాణం గడిచేది. ఒళ్ళు కదులుతూ ఉండేది. నాలుగు వరుసలయ్యాక ఆ కదలిక పోయింది. అలాంటి రోడ్డు మీద మోటారు సైకిళ్ళకు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. ఆ వేగం అందుకున్నాక యాక్సిలరేటరు ఒకచోట పట్టి, మోకాళ్ళు ఒకచోట ఉంచి, తల ఎత్తి కూర్చోవడమే పని. కండరం కదులుతూ పనిచేస్తే దానికి రక్తం బాగా అందుతుంది. ఒకే బిగింపులో ఉంచితే త్వరగా అలిసిపోయి నొప్పి మొదలుపెడుతుంది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు నలభై కిలోమీటర్ల పైచిలుకు. ఆ దూరంలో నొప్పి తెలియకపోవచ్చు. కడప దాకా పోయి అదే రోజు తిరిగి రండి, నడుము దగ్గర వెన్ను ఎలా బిగుసుకుంటుందో అర్థమవుతుంది.

టూరింగ్ అనగానే హైదరాబాదు నుంచో బెంగుళూరు నుంచో గుంపులుగా వచ్చి, అహోబిలం చూసి గండికోటకు పోయే పెద్ద బండ్లవాళ్ళే మనసులో మెదులుతారు. వాళ్ళకన్నా ముందు తలుచుకోవలసినవాళ్ళు ఇక్కడే ఉన్నారు. పొద్దున నంద్యాలలో బయలుదేరి కోవెలకుంట్ల, బనగానపల్లె, ఆళ్లగడ్డ చుట్టి రాత్రికి ఇల్లు చేరే మెడికల్ రెప్పులు, విత్తనాల కంపెనీల మనుషులు, పొలాల వెంట తిరిగే ఫైనాన్సు ఉద్యోగులు. వీళ్ళ దగ్గర ఉండేది స్ప్లెండరో, షైనో. పోయే దూరం మాత్రం సెలవులకు తిరిగేవాళ్ళకన్నా ఎక్కువ. బ్యాక్‌రెస్టును షోకు సామానుగా చూసే అలవాటు పోవాలంటే ముందు వీళ్ళ నడుములను లెక్కలోకి తీసుకోవాలి.

కూర్చుంటే వెన్నుకు విశ్రాంతి అని మనం పుట్టినప్పటి నుంచి అనుకుంటున్నాం. 1960ల్లో స్వీడన్‌కు చెందిన ఎముకల వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ ఆ నమ్మకాన్ని కదిలించాడు. నడుము దగ్గర రెండు పూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ళలోకి సన్నటి సూదిని పంపి, మనిషి నిలబడినప్పుడు, కూర్చున్నప్పుడు, వంగినప్పుడు లోపల ఒత్తిడి ఎంతుందో కొలిచాడు. వీపుకు ఏ ఆసరా లేకుండా కూర్చున్నప్పుడు ఒత్తిడి నిలబడినప్పటికన్నా ఎక్కువని, ముందుకు వంగి కూర్చుంటే ఇంకా పెరుగుతుందని తేలింది. ఆళ్లగడ్డలో పొద్దస్తమానం రాతి మీదికి వంగి ఉలి పట్టే శిల్పులకు ఈ సంగతి ఏ కొలతా లేకుండానే తెలుసు. 1974లో ఆండర్సన్, ఓర్టెన్‌గ్రెన్ అనే పరిశోధకులు మరో మెట్టు ఎక్కారు. వీపును కొంచెం వెనక్కి వాల్చి, నడుము వంపు దగ్గర చిన్న ఆసరా పెడితే ఆ ఒత్తిడి తగ్గుతుందని చూపించారు. 1999లో జర్మనీలోని ఉల్మ్ నగరంలో విల్కె బృందం మళ్ళీ కొలిచినప్పుడు, ఒళ్ళు వదిలేసి కూర్చుంటే ఒత్తిడి నిలబడినదానికన్నా మించడం లేదని వచ్చింది. కాబట్టి కూర్చోవడం చెడ్డదా, నిలబడడం చెడ్డదా అన్న వాదం ఇంకా నడుస్తోంది. వెనక ఆసరా దొరికి, దాని మీద ఒంటి బరువు కొంత ఆనితే వెన్ను మీద భారం తగ్గుతుందన్న మాటలో మాత్రం తగాదా లేదు.

అయితే ఆ కొలతలన్నీ కదలని కుర్చీల మీద తీసినవి. బండి కింద రోడ్డు ఉంది, రోడ్డు మీద అతుకులున్నాయి. కూర్చున్న మనిషి మొండెం నిలువు అదుర్లలో సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది సార్లు వచ్చేవాటికి ఎక్కువగా స్పందిస్తుంది. అయిదు దగ్గర ఆ స్పందన బాగా పెరుగుతుంది. సీటు కింద నుంచి వచ్చిన అదురు అక్కడ పెద్దదై వెన్నులోకి పోతుంది. వీపుకు గట్టి పలక ఒకటి ఆనించి ఉంచితే ముందుకూ వెనక్కూ వచ్చే అదురు కూడా దాని ద్వారా ఒంట్లోకి దిగుతుంది. అందుకే పలక మీద సన్నటి స్పాంజి చుట్టి ఊరుకున్న బ్యాక్‌రెస్టు కొన్నిసార్లు లేనిదానికన్నా హీనంగా అనిపిస్తుంది. ఆసరా ఇస్తూనే అదురును మింగే మందం దానికి ఉండాలి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నడిపేవాళ్ళకు వీపు ఆసరా కావాలో వద్దో తేల్చేది నొప్పి కాదు, పాదాలు ఎక్కడున్నాయన్నది. మోటారు సైకిల్ మీద మనిషి మూడు చోట్ల బండిని తాకుతాడు: చేతులు, పిరుదులు, పాదాలు. పాదాలు ఒంటి కిందే ఉంటే గతుకు రాగానే వాటి మీద బరువు వేసి పిరుదులు కాస్త పైకి లేపవచ్చు, దెబ్బ కాళ్ళు తీసుకుంటాయి. పాదాలు ముందుకు చాచి ఉంటే ఆ వీలు లేదు. బరువంతా తోకెముక మీద పడుతుంది, కటి వెనక్కి తిరుగుతుంది, నడుములో సహజంగా ఉండే లోపలి వంపు బయటికి గుండ్రమవుతుంది. 2001లో వచ్చిన కవాసాకి బజాజ్ ఎలిమినేటర్ నుంచి 2002 నాటి థండర్‌బర్డ్, 2005 నాటి అవెంజర్, ఇప్పటి మీటియర్, సూపర్ మీటియర్ దాకా క్రూజర్ బండ్లన్నిటికీ ఎంతో కొంత ఇదే కూర్చునే తీరు.

క్రూజర్లలో ఇంకో చిక్కు ఉంది. సీటు నేలకు దగ్గరగా ఉండాలి కాబట్టి వెనక సస్పెన్షన్ కదిలే దూరం తగ్గుతుంది. సూపర్ మీటియర్ 650 సీటు ఎత్తు 740 మిల్లీమీటర్లు, వెనక చక్రం కదలిక 101 మిల్లీమీటర్లు. అదే కంపెనీ 2023 చివర్లో తెచ్చిన హిమాలయన్ 450 సీటు 825 మిల్లీమీటర్లు, చక్రం కదలిక 200. గుంత ఒకటే అయినా మొదటి బండి దాన్ని సగం దూరంలోనే మింగాలి. మింగలేనిది నడిపేవాడి నడుముకు పోతుంది. ఆ నడుము అప్పటికే గుండ్రమై ఉంది, పాదాలు సాయం రావు. వీపు వెనక ఆసరా పెడితే కటి వెనక్కి తిరగడం ఆగుతుంది, వంపు నిలుస్తుంది. క్రూజర్ మీద దూరం పోయేవాళ్ళకు నడిపేవాళ్ళ బ్యాక్‌రెస్టు సౌఖ్యం కాదు, అవసరం. నా అభిప్రాయంలో ఈ బండ్లతో పాటే అది రావాలి.

క్లాసిక్ 350, హోండా హైనెస్ లాంటి నిటారు బండ్ల మీద సంగతి వేరు. అక్కడ పాదాలు దాదాపు ఒంటి కిందే, వీపు నిలువుగా ఉంటుంది. చిన్న ఆసరా హాయిగానే ఉంటుంది గానీ దాని పని కొంతే. హిమాలయన్, ఎక్స్‌పల్స్ లాంటి వాటి మీద నేను వద్దనే అంటాను. ఆ బండ్ల బలమే ఫుట్‌రెస్టుల మీద నిలబడి, ఒళ్ళు వెనక్కి జరిపి గతుకులు దాటడం. వెనక కడ్డీ పెడితే ఆ బలం పోతుంది. ఆర్15, ఆర్‌సీ 390 లాంటివాటి మీద మనిషి ట్యాంకు మీదికి వంగి ఉంటాడు, వెనక ఏది పెట్టినా వీపు దాన్ని తాకదు. స్ప్లెండర్, షైన్ లాంటి పొడుగు బల్ల సీటు బండ్లకు బ్యాక్‌రెస్టు బిగించడానికి ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య చోటే ఉండదు. అక్కడ ముందు సీటు లోపలి స్పాంజిని బాగుచేసుకోవాలి. కూలబడిన స్పాంజి మీద మనిషి ట్యాంకు వైపు జారుతూ, మళ్ళీ మళ్ళీ వెనక్కి జరుగుతూ నడుపుతాడు, ఆ జారుడే సగం నడుం నొప్పికి మూలం.

అమెరికాలో ఈ సమస్యకు దారి ఎలా దొరికిందో చూస్తే మనకు పనికొచ్చేవి కొన్ని తెలుస్తాయి. అక్కడ రోజుకు ఏడెనిమిది వందల కిలోమీటర్లు తిన్నటి రోడ్ల మీద పోయేవాళ్ళున్నారు. హోండా గోల్డ్‌వింగ్ 1975లో వచ్చింది. 1980లో ఇంటర్‌స్టేట్ అనే రకంలో గాలి అడ్డం, పక్క పెట్టెలు, వెనక పెట్టె అన్నీ ఫ్యాక్టరీలోనే బిగించి ఇచ్చారు. వెనక పెట్టెకు ఆని కూర్చునే భాగ్యం వెనకసీటు వాళ్ళకు దక్కింది, నడిపేవాళ్ళకు దక్కలేదు. ఆ లోటు పూడ్చింది చిన్న తయారీదారులు. కాలిఫోర్నియాలో కార్బిన్, మసాచుసెట్స్‌లో మస్టాంగ్ లాంటి సీట్ల కంపెనీలు సీటులోనే కడ్డీ దూర్చే రంధ్రం పెట్టి, ఊడదీసి పెట్టుకునే వీపు దిండు అమ్మాయి. హార్లే డేవిడ్సన్ తన దూరప్రయాణాల బండ్లకు అలాంటిది విడిగా ఇస్తుంది. విచిత్రం ఏమిటంటే కంపెనీ బిగించి ఇచ్చిన ఆసరా స్కూటర్లలో ముందుగా కనిపిస్తుంది. సుజుకి పెద్ద బర్గ్‌మన్‌లలో, యమహా టీమ్యాక్స్‌లో నడిపేవాళ్ళ నడుము దగ్గర ముందుకూ వెనక్కూ జరుపుకునే దిండు ఉంటుంది. 2018లో మన దేశానికి వచ్చిన బర్గ్‌మన్ స్ట్రీట్‌కు పేరు వచ్చింది, ఆ దిండు రాలేదు.

బిగించే పద్ధతులు నాలుగున్నాయి. సీటు కింద ఫ్రేముకు ఇనుప పట్టీ బిగించి, అందులోంచి కడ్డీ లేపి, దాని మీద దిండు పెట్టడం అన్నిటికన్నా గట్టిది. ఇది బరువు ఆనితే ఊగదు. రెండోది, సీటులోనే రంధ్రం ఉన్న కొత్త సీటు. చూడ్డానికి చక్కగా ఉంటుంది, ఖర్చు ఎక్కువ, మన బండ్లకు దొరకడం అరుదు. మూడోది, పటకాలతో వెనక సీటు మీద కట్టేది. దీని మీద మొత్తం బరువు ఆనితే వెనక్కి జరుగుతుంది, కానీ బల్ల సీటు బండ్లకు ఇదొక్కటే దారి. నాలుగోదానికి పైసా ఖర్చు లేదు: దుస్తుల సంచిని వెనక సీటు మీద అడ్డంగా కట్టి, దానికి ఆనుకోవడం. ఒంటరిగా దూరం పోయేవాళ్ళలో చాలామంది తెలియకుండానే చేసే పని ఇది. మెత్తటి బట్టలు వీపు వైపు, పానాలు, పంపు లాంటి గట్టి సామాన్లు అడుగున సర్దితే ఏ బ్యాక్‌రెస్టుకూ తీసిపోదు. బ్యాక్‌రెస్టు తనకు సరిపడుతుందో లేదో చూసుకోవాలనుకునేవాళ్ళు మొదట దుప్పటి చుట్ట ఒకటి కట్టుకుని ఒక రోజంతా తిరగడం మేలు. ఆ చుట్ట హాయినిస్తే ఇనుము మీద డబ్బు పెట్టవచ్చు.

కొలతల దగ్గర చాలామంది పొరపడతారు. పెద్ద దిండు, ఎత్తు దిండు బాగుంటుందనుకుంటారు. భుజాల ఎత్తుకు పోయే ఆసరా బండి మీద చెరుపే చేస్తుంది. మలుపులో భుజం తిప్పాలి, వెనక వచ్చే లారీని చూడ్డానికి మెడ తిప్పాలి, జాకెట్టు లోపల వెన్ను రక్షణ పలక ఉంటే అది దిండుకు తగిలి పైకి నెట్టుకొస్తుంది. ఆసరా కావలసింది నడుము వంపుకు మాత్రమే. ఆఫీసు కుర్చీలు చేసేవాళ్ళు నడుము ఆసరాను సీటు మీద నుంచి సుమారు 15 నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తులో జరుపుకునేలా పెడతారు. బండికీ అదే లెక్క పనికొస్తుంది. ఆ కొలత తీసేటప్పుడు మనిషి సీటు మీద కూర్చుని ఉండాలి, ఎందుకంటే స్పాంజి అణగడంతో ఎత్తు మారుతుంది. హెల్మెట్టు, జాకెట్టు, బూట్లు వేసుకుని, చేతులు హ్యాండిల్ మీద ఉంచి తీయాలి. దిండు వెడల్పు పాతిక సెంటీమీటర్లు చాలు, పక్కటెముకలకు తగలకూడదు. మామూలుగా నడుపుతున్నప్పుడు దిండు వీపును తాకీ తాకనట్టు ఉండాలి, అలసట వచ్చినప్పుడు ఒక అంగుళం వెనక్కి వాలితే బరువు పట్టాలి. ఎప్పుడూ నెడుతూ ఉండే దిండు మనిషిని ట్యాంకు మీదికి తోస్తుంది, అప్పుడు బరువు మణికట్లకు పోతుంది. వీపు సంచి వేసుకుని నడిపేవాళ్ళకు బ్యాక్‌రెస్టు పనికిరాదు. రెండింటిలో ఒకటి వదులుకోవాలి.

బయటి దేశాల సామాన్లు తెప్పించుకోవడం కన్నా మన ఊళ్ళో చేయించుకోవడమే సరైనదని నేను గట్టిగా నమ్ముతాను. తెప్పించిన పట్టీ హార్లేకు సరిపోయేది, మీటియర్ ఫ్రేముకు కాదు. నంద్యాలలో సీట్లు కుట్టేవాళ్ళకు, వెల్డింగు చేసేవాళ్ళకు కొదువ లేదు. చేతి పనితనంలో వాళ్ళు ఎవరికీ తీసిపోరు. వాళ్ళకు చెప్పవలసిన కొలతలే మనకు తెలియాలి. సీటు కుట్టే మనిషి మొదట అనే మాట, "మెత్తగా పెడతానన్నా, దూది మీద కూర్చున్నట్టు ఉంటాది." అక్కడే ఆగమనాలి. మెత్తటిది మొదటి అరగంట బాగుంటుంది, తర్వాత అణిగి వెనకున్న పలక వీపుకు తెలుస్తుంది. అడుగున గట్టి ఫోము రెండు అంగుళాలు, పైన మెత్తటిది అరంగుళం ఉంటే చాలు. బూరుగు దూది వాడవద్దు, గడ్డలు కడుతుంది. పట్టీకి అయిదారు మిల్లీమీటర్ల మందం ఇనుము తీసుకోవాలి. ఫ్రేముకు కంపెనీ పెట్టిన బోల్టు రంధ్రాలనే వాడాలి. ఫ్రేముకు వెల్డింగు పెట్టనివ్వకూడదు, కొత్తగా రంధ్రం వేయనివ్వకూడదు. ఆ వేడికి, ఆ కోతకు ఇనుము బలం తగ్గుతుంది, అది ఘాటు మీద తెలిసే లోపం. సీటు అడుగున ఉండే ప్లాస్టిక్ పలక మీద కూడా కడ్డీ బరువు పడకూడదు. కడ్డీకి పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ జరిపే గాడి ఉండాలి. మూలలన్నీ గుండ్రంగా రుద్దించాలి, బోల్టు తలలు దిండు వైపు రాకూడదు. పడిపోతే వెన్ను మీదికి వచ్చేది ఆ ఇనుమే.

ఎండ సంగతి వేరే చెప్పాలి. నంద్యాలలో వేసవిలో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. నల్లరెగ్జిన్ దిండు గంటసేపు ఎండలో ఉంటే వీపు ఆనించలేం. ఆనించినా చెమట ఆరే దారి ఉండదు. తడిసిన చొక్కా, కాలిన రెగ్జిన్, వాటి మధ్య రాపిడికి నడుము మీద చెమటకాయలు లేస్తాయి. పైన జాలీ గుడ్డ కుట్టించుకుంటే కొంత గాలి ఆడుతుంది. లేత రంగు మంచిది. వానాకాలంలో కుట్టు రంధ్రాల గుండా ఫోము నీళ్ళు తాగుతుంది, కాబట్టి లోపల పలుచటి ప్లాస్టిక్ పొర వేయించి ఆ పైన రెగ్జిన్ తొడగాలి.

నాలుగు వరుసల రోడ్డు దిగి కొండల వైపు తిరిగితే బ్యాక్‌రెస్టు విలువ మారిపోతుంది. ఆళ్లగడ్డ నుంచి అహోబిలం, అక్కడి దిగువ నుంచి ఎగువకు పోయే దారి, నంద్యాల నుంచి గాజులపల్లె మీదుగా గిద్దలూరుకు నల్లమల దాటించే ఘాటు, ఆత్మకూరు నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం, వీటిలో ఒళ్ళు ఎడమకూ కుడికీ వాలుతూ ఉండాలి. దిగేటప్పుడు బ్రేకుల వల్ల మనిషి ముందుకు జారతాడు, వెనక ఉన్న దిండు అప్పుడు ఏమీ చేయదు. మోకాళ్ళతో ట్యాంకును పట్టుకోవడమే ఆధారం. వెడల్పాటి దిండు ఉంటే మలుపులో తుంటి జరగడానికి అడ్డం. మడిచిపెట్టే దిండు ఇక్కడ పనికొస్తుంది, గాజులపల్లెలో ఆపి వెనక్కి మడిచి, ఘాటు దిగాక మళ్ళీ లేపుకోవచ్చు. ఊళ్ళలో స్పీడ్ బ్రేకర్లు ఇంకో పరీక్ష. ప్రతి ఊరి ముందూ వెనకా ఎత్తు దిబ్బలున్నాయి, వాటి మీద పిరుదులు లేపి దాటే అలవాటున్నవాళ్ళకు జాకెట్టు అంచు దిండు కింద చిక్కుకుంటుంది. దిండు అడుగు అంచు ఏటవాలుగా కుట్టిస్తే ఈ ఇబ్బంది ఉండదు.

వెనక కూర్చునేవాళ్ళ మాట ఇక్కడ తప్పించుకోలేం. మన ఇళ్ళలో బండి ఒకరిది కాదు. శివరాత్రికి మహానందికి పోవాలన్నా, ఆదివారం యాగంటికి పోవాలన్నా వెనక భార్యో అమ్మో ఎక్కుతుంది, చీర కట్టుకుని ఒకపక్కకు కూర్చుంటుంది. నడిపేవాళ్ళ బ్యాక్‌రెస్టు ఆమె కూర్చునే చోటులోంచి మూడు నాలుగు అంగుళాలు తీసేసుకుంటుంది. పక్కకు తిరిగి కూర్చున్నప్పుడు కడ్డీ ఆమె తుంటికి, తొడకు తగులుతుంది. గతుకు వచ్చినప్పుడు ఆమె పట్టుకునే భుజానికి, నడుముకు మధ్య దిండు అడ్డం వస్తుంది. మోటారు వాహనాల చట్టం 1988లో 128వ సెక్షన్ వెనక కూర్చునే మనిషి బండికి గట్టిగా బిగించిన సరైన సీటు మీదే కూర్చోవాలంటుంది. కేంద్ర నిబంధనల్లో 123వది వెనకవాళ్ళకు పట్టుకునే పిడి, కాలు పెట్టుకునే ఫుట్‌రెస్టు, చక్రానికి చీర చుట్టుకోకుండా కాపు తప్పనిసరి చేసింది. నడిపేవాళ్ళ దిండుకు చోటు చేయడం కోసం ఆ పిడి విప్పేసి పక్కన పడేయడం నేరం మాత్రమే కాదు, అన్యాయం కూడా. 52వ సెక్షన్ ఆర్‌సీలో రాసిన వివరాలకు తేడా వచ్చే మార్పులు చేయవద్దంటుంది. బోల్టులతో బిగించి విప్పుకునే ఆసరా ఆ హద్దు దాటదు, ఫ్రేము కోసినా సీట్ల సంఖ్య మార్చినా దాటుతుంది. వెనక పెట్టె పెట్టుకునేవాళ్ళకు 2020లో వచ్చిన నిబంధన ఒకటుంది: పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మిల్లీమీటర్లు మించకూడదు, అది వెనకసీటు చోటును ఆక్రమిస్తే ఇక వెనక మనిషిని ఎక్కించుకోకూడదు.

అందుకే ఇంటి బండికి శాశ్వతంగా బిగించిన బ్యాక్‌రెస్టు వద్దంటాను. కడ్డీని గొట్టంలో దించి స్ప్రింగు పిన్నుతో బంధించే పద్ధతి చేయించుకుంటే, ఒంటరిగా పోయే రోజు పెట్టుకోవచ్చు, ఇంటివాళ్ళు ఎక్కే రోజు పిన్ను లాగి పక్కసంచిలో వేసుకోవచ్చు. ఎక్కడం దిగడం కూడా ఆలోచించాలి. వెనక సామాను, దాని ముందు దిండు ఉంటే కాలు తిప్పి ఎక్కే చోటు తగ్గిపోతుంది. మోకాలి నొప్పి ఉన్న పెద్దవాళ్ళు, పంచె కట్టేవాళ్ళు సైడ్ స్టాండు మీద బండి ఉండగా కాలు దిండుకు తగిలి బండితో సహా పడే ప్రమాదం ఉంది. మడిచే దిండు అయితే మడిచి ఎక్కి, కూర్చున్నాక లేపుకోవచ్చు.

వీటన్నిటికన్నా ముందు చూసుకోవలసినవి మూడున్నాయి, వాటిలో రెండింటికి ఖర్చే లేదు. హ్యాండిల్ దూరంగా ఉండి చేతులు చాచవలసి వస్తే ఏ బ్యాక్‌రెస్టూ నడుమును కాపాడదు, ఎందుకంటే ఆ మనిషి వీపు దిండు దాకా రాదు. హ్యాండిల్ బిగింపు వదులుచేసి కాస్త తనవైపు తిప్పుకుంటే మోచేయి వంగుతుంది, వీపు వెనక్కి వస్తుంది. వెనక షాకుల స్ప్రింగు బిగువు ఒంటి బరువుకు తగ్గట్టు మార్చుకోవడం రెండోది, చాలా బండ్లలో కంపెనీ ఇచ్చిన పానాతోనే అయిదు నిమిషాల పని. దానికి చేయి పెట్టకుండానే ఏళ్ళు గడిపేవాళ్ళు ఎందరో. సీటు ముందుకు వాలి ఉంటే దాన్ని సమం చేయించడం మూడోది, దానికి కుట్టేవాళ్ళ దగ్గరికి పోవాలి. ఈ మూడూ అయ్యాక కూడా గంటకోసారి దిగి నాలుగడుగులు నడవడం మానకూడదు. కదలిక చేసే పని దిండు చేయలేదు.

నొప్పి నడుములో ఆగకుండా పిరుదు మీదుగా కాలిలోకి జారితే, పాదం తిమ్మిరెక్కితే, అది సీటు కుట్టేవాళ్ళ పని కాదు. బండి పక్కన పెట్టి డాక్టరును కలవాలి. మూత్రం మీద అదుపు తప్పినట్టు అనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. బ్యాక్‌రెస్టుతో నొప్పిని మరిపించి నెలల తరబడి తిరిగితే నష్టం తిరిగి పూడ్చలేనిది కావచ్చు.

చేయించుకోవడానికే నిశ్చయించుకున్నవాళ్ళు రెగ్జిన్ తొందరపడి కుట్టించవద్దు. పట్టీ బిగించి, ఫోమును పలకకు తాత్కాలికంగా టేపుతో చుట్టి, దాంతో నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయి, అహోబిలం ఎగువ దాకా ఎక్కి, తిరిగి హైవే మీద రండి. తిన్నటి రోడ్డు, ఊరి దిబ్బలు, కొండ మలుపులు మూడూ ఆ ఒక్క దారిలో ఉన్నాయి. ఎక్కడ తగిలిందో, ఎక్కడ చాలలేదో దిండు మీద సుద్దముక్కతో గీసి కుట్టేవాళ్ళకు చూపించండి. వాళ్ళకు మాటలకన్నా ఆ గీత బాగా అర్థమవుతుంది. అంగుళం పైకా కిందికా అన్నది అప్పుడు తేల్చి, కడ్డీ బోల్టు బిగించి, చివరగా గుడ్డ తొడిగించుకోండి.